నీళ్లు లాగే దారి బాగుంటేనే పంపు బాగుంటుంది

మొయినాబాద్ వైపో శంకర్‌పల్లి వైపో ఫామ్‌హౌస్ కట్టుకున్నారు. లేదా ఊళ్లోనే విల్లా కొనుక్కున్నారు. పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కూడా పెట్టించుకుంటున్నారు. టైల్స్ ఏ రంగువి వేయించాలి, లైట్లు ఎక్కడ పెట్టించాలి, చుట్టూ ఏ రాయి పరిపించాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకునే ఉంటారు. పంపు గురించి ఎంతసేపు మాట్లాడారు? "అది కాంట్రాక్టర్ చూసుకుంటాడులే" అని వదిలేశారా?

ఎండాకాలం వస్తుంది. పిల్లలకు సెలవులిస్తారు, చుట్టాలు దిగుతారు. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ ఫోన్ చేస్తాడు. "సార్, మోటర్ నడుస్తుంది గానీ నీళ్లు వస్తలేవు." మే నెల ఎండకు రెండు మూడు రోజులు నీళ్లు కదలకపోతే చాలు, గోడలకు పాచి పడుతుంది, నీళ్లు పచ్చబడతాయి. మెకానిక్ వచ్చి సీల్ మారుస్తాడు. నెల తిరగకముందే మళ్లీ అదే ఫోన్. ఈసారి మోటారే మార్చమంటాడు. మారుస్తారు. అయినా మళ్లీ అదే కథ.

ఎందుకలా? పూల్ పంపుకు వచ్చే తిప్పల్లో చాలా వరకు పంపులో పుట్టినవి కావు కాబట్టి. పంపుకు ముందుండే పైపులో, అంటే నీళ్లను లోపలికి లాగే సక్షన్ లైన్‌లో పుడతాయి. ఈ అధ్యాయం చదువుతున్నంతసేపూ ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పంపు కొనేటప్పుడు, బిగించేటప్పుడు, బాగు చేయించేటప్పుడు మీ కళ్లు ముందు అటు పోవాలి.

కొనే ముందు ఒక చిన్న లెక్క

1. హెచ్‌పీ చూసి కాదు, నీళ్లు చూసి కొనండి.

టేపు తీసుకుని పూల్ పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలవండి. మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు ఒక కొసన 1, రెండో కొసన 1.5 అనుకుందాం. సగటు లోతు 1.25. అంటే 40,000 లీటర్లు. ఇంటి పూల్‌లో నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగి రావడానికి 6 నుంచి 8 గంటలు పట్టేలా చూసుకుంటే సరిపోతుంది. 8 గంటలైతే గంటకు 5,000 లీటర్లు, 6 గంటలైతే సుమారు 6,700. మీకు కావలసిన అంకె అదీ.

ఇక షాపుకు వెళ్లండి. పంపు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె సాధారణంగా గరిష్ఠ ప్రవాహం. ఎదురు లేనప్పుడు పంపు ఇచ్చేది అది. మీ ఇంట్లో పైపులు, బెండ్లు, ఫిల్టర్‌లోని ఇసుక అన్నీ ఎదురు నిలుస్తాయి. ఆ ఎదురునే మీటర్లలో కొలిచి హెడ్ అంటారు. అందుకని "పది మీటర్ల హెడ్ దగ్గర గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడగండి. కంపెనీ ఇచ్చే గ్రాఫ్ చూపించమనండి. పైన చెప్పిన 40,000 లీటర్ల పూల్‌కు మామూలుగా ముప్పావు హెచ్‌పీ పంపు సరిపోతుంది.

"రెండు హెచ్‌పీ వేయించండి సార్, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అని అక్కడ ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు మనం తేలిగ్గా లొంగిపోతాం, ఎందుకంటే మనకు తెలిసిన మోటారు బోరు మోటారు. దానికి వందల అడుగుల లోతు నుంచి నీళ్లు పైకి ఎత్తాలి కాబట్టి బలం కావాలి. పూల్ పంపుకు ఎత్తే పని దాదాపు లేదు. పూల్‌లోని నీళ్లనే తీసుకుని, ఫిల్టర్ గుండా తోసి, మళ్లీ పూల్‌లోకే పంపుతుంది. అక్కడ అవసరానికి మించిన బలం పెడితే ఏమవుతుంది? సక్షన్ పైపు అన్ని నీళ్లు అందించలేదు. ఫిల్టర్ ఇసుకలో నీళ్లు దారులు చేసుకుని, మురికి ఆగకుండా తిరిగి పూల్‌లోకే వస్తుంది. కరెంటు బిల్లు సంగతి సరేసరి. ఒక హెచ్‌పీ పంపు దాదాపు కిలోవాట్ లాగుతుంది. రోజుకు 8 గంటలు నడిస్తే 8 యూనిట్లు, నెలకు 240. రెండు హెచ్‌పీ అయితే దానికి రెట్టింపు, పైగా శ్లాబు కూడా మారుతుంది.

2. డబ్బు కుదిరితే వేరియబుల్ స్పీడ్ పంపు తీసుకోండి.

ఖరీదు ఎక్కువే. కానీ దీని లెక్క వేరు. వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగానికి తగ్గుతాయి, కరెంటు మాత్రం సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపినా మొత్తం ఖర్చు నాలుగో వంతే. నిజంగా నడిపేటప్పుడు అంత ఆదా రాకపోవచ్చు, అయినా తేడా బిల్లులో స్పష్టంగా కనిపిస్తుంది. నెమ్మదిగా నడిచే పంపుకు మోత తక్కువ, సీల్ మీదా బేరింగుల మీదా ఒత్తిడి తక్కువ. ఏడాది పొడుగునా పూల్ వాడే ఇంటికి నేను దీన్నే చెబుతాను. వేసవి రెండు నెలలే వాడేవాళ్లకు మామూలు పంపు చాలు.

3. విదేశాల నుంచి పంపు తెప్పించుకోకండి.

ఇది మన ఇళ్లలో తరచూ జరిగేదే. డాలస్‌లో ఉన్న తమ్ముడు వస్తూ వస్తూ "అన్నయ్యా, అక్కడ మంచి పంపులు దొరుకుతాయి, ఒకటి పట్టుకొస్తా" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ నిమిషానికి 3,450 చుట్లు తిరిగే మామూలు మోటారు ఇక్కడ 2,850 దగ్గరే ఆగుతుంది. నీళ్లు తగ్గుతాయి, మోటారు వేడెక్కుతుంది. సీల్ పోయినా కెపాసిటర్ పోయినా ఇక్కడ ఆ కొలతకు దొరకడం కష్టం. మీ ఊళ్లో స్పేర్ పార్టులు దొరికే పంపే మీకు మంచి పంపు.

బిగించేటప్పుడు

4. చోటు ముందే తేల్చండి.

పూల్‌కు దగ్గరగా, నీటి మట్టానికి వీలైనంత దగ్గర ఎత్తులో పంపు ఉండాలి. ఎంత దూరం పోతే, ఎంత పైకి పోతే పంపుకు అంత కష్టం. అలాగని అంచునే పెట్టకూడదు. కరెంటు భద్రత కోసం పూల్ అంచు నుంచి కనీసం 3.5 మీటర్ల అవతల పెట్టించండి.

చాలాచోట్ల అందం చెడుతుందని పంపును నేలలో గుంట తవ్వి, పైన మూత వేసి దాచేస్తారు. గుంట తప్పు కాదు. నీటి మట్టం కంటే కింద ఉన్న పంపుకు నీళ్లు వాటంతటవే వచ్చి నిండుతాయి, అది మేలే. కానీ ఆ గుంటలో చేరిన నీళ్లు బయటికి పోయే దారి ఉందా? ఆగస్టులో ఒక్క రాత్రి గట్టి వాన పడితే మోటారు మునుగుతుంది. గాలి ఆడుతుందా? మే నెల మధ్యాహ్నం మూత వేసిన గుంటలో మోటారు చల్లబడే మార్గమే ఉండదు. నీళ్లు పోయే పైపు, గాలి వచ్చే జాలీ రెండూ లేని గుంట కంటే నేల మీద చిన్న షెడ్డు వేసుకోవడం వంద రెట్లు నయం. పంపు కింద గట్టి సిమెంటు దిమ్మె వేసి, బోల్టులతో బిగించండి. వణికే పంపు పైపు జాయింట్లను నెమ్మదిగా వదులు చేస్తుంది.

5. సక్షన్ పైపు దగ్గర పిసినారితనం వద్దు.

ఎప్పుడైనా చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూశారా? ఎంత గట్టిగా పీల్చినా గాలే వస్తుంది, నీళ్లు రావు. సక్షన్ పైపులో వెంట్రుకవాసి సందు ఉన్నా పంపు పరిస్థితి అంతే. తేడా ఏమిటంటే, ఆ సందు బయటికి కారదు కాబట్టి మీకు కనబడదు. డెలివరీ వైపు, అంటే పంపు నీళ్లను బయటికి తోసే వైపు, పైపు కారితే నేల తడుస్తుంది, తెలిసిపోతుంది. సక్షన్ వైపు సందు నీళ్లను బయటికి వదలదు, గాలిని లోపలికి లాక్కుంటుంది.

అందుకే ఈ పైపు వేసేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. చూడవలసినవి ఇవి.

పైపు లావు: సక్షన్‌లో నీళ్ల వేగం సెకనుకు 1.5 మీటర్లు దాటకుండా ఉంటే మంచిది. గంటకు 6,700 లీటర్లకు 50 మి.మీ. పైపు సరిపోతుంది, కానీ నా మాట వింటే 63 మి.మీ. వేయించండి. ఇప్పుడు పెరిగే ఖర్చు కొద్దిపాటిదే. నేలలో పూడ్చాక మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి. పంపు నోరు చిన్నదిగా ఉంటే ఆ కొసన మాత్రమే రెడ్యూసర్ పెట్టుకోవచ్చు.

బెండ్లు: ఎల్బో పెట్టిన ప్రతిచోటా నీళ్లకు ఎదురు పెరుగుతుంది. పంపు నోటికి ఆనించి ఎల్బో పెట్టడం నేను ఎక్కువగా చూసిన తప్పు. నీళ్లు మెలి తిరుగుతూ పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ మీద పడతాయి, మోత వస్తుంది, సీల్ త్వరగా అరుగుతుంది. పైపు లావుకు కనీసం ఐదు రెట్ల పొడవు, అంటే 63 మి.మీ. పైపుకు ఒక అడుగు పైచిలుకు, సూటిగా వచ్చి పంపులో కలవాలి.

వాలు: పంపు నీటి మట్టం కంటే పైన ఉంటే, పైపు పూల్ నుంచి పంపు దాకా ఎక్కుతూనే రావాలి. మధ్యలో ఎక్కడైనా పైకి ఎగిసి మళ్లీ కిందికి దిగితే ఆ మలుపులో గాలి చేరి కూర్చుంటుంది. ఇక రోజూ పొద్దున పంపు వేయగానే అయిదు నిమిషాలు గుడగుడలే.

జాయింట్లు: పైపు కోసిన అంచు గీకి, తుడిచి, ప్రైమర్ రాసి, తర్వాత సొల్యూషన్ రెండు వైపులా పూసి, తోసి కాస్త తిప్పి, అరనిమిషం పట్టుకోవాలి. ఇది ప్లంబర్‌కు తెలియదని కాదు. సాయంత్రం ఆరయ్యాక, ఇంకో ఇంటికి వెళ్లాల్సిన తొందరలో ప్రైమర్ మానేస్తాడు. మీరు పక్కన ఉంటే మానడు. ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. మట్టి పూడ్చే ముందు లైన్‌ను నీళ్లతో నింపి, ప్రెజర్ పెట్టి పరీక్షించమనండి. ఈ పరీక్ష అయ్యేదాకా డబ్బు మొత్తం చెల్లించకండి.

6. అడుగున డ్రెయిన్ ఒకటి కాదు, రెండు.

ఇది పంపు కోసం కాదు, పిల్లల కోసం. పూల్ అడుగున ఒకే డ్రెయిన్ ఉండి, దాని మీద ఎవరైనా పిల్లవాడు కూర్చున్నా, పాప జుట్టు జాలీలో చిక్కుకున్నా, పంపు లాగే బలానికి పెద్దవాళ్లు పట్టుకుని లాగినా విడిపించలేరు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఏడేళ్ల మనవరాలు 2002లో ఇలాగే హాట్ టబ్ డ్రెయిన్‌కు అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ చట్టం తెచ్చారు. మీ పూల్‌లో కనీసం 3 అడుగుల ఎడంలో రెండు డ్రెయిన్లు పెట్టించి, రెండింటినీ ఒకే పైపుకు కలపండి. ఒకటి మూసుకుపోతే రెండోదాంట్లోంచి నీళ్లు వస్తాయి. జాలీలు ఉబ్బెత్తుగా, జుట్టు చిక్కనివిగా ఉండాలి. పగిలిన జాలీ కనిపిస్తే ఆ రోజు పూల్‌లోకి ఎవరినీ దింపకండి. పంపు కట్టేసే స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

7. పంపుకు రెండు వైపులా యూనియన్, వాల్వ్.

రేపు సీల్ మార్చాలంటే పంపు విప్పాలి. యూనియన్ ఉంటే చేత్తో తిప్పితే ఊడివస్తుంది. లేకపోతే పైపు కోయాలి, మళ్లీ అతికించాలి, అదీ సక్షన్ వైపు. ఇక పంపు నీటి మట్టం కంటే కింద ఉంటే వాల్వ్ తప్పనిసరి, లేకపోతే పంపు ముందు చెత్తను ఆపే బాస్కెట్ మూత తీయగానే పూల్ నీళ్లు షెడ్డులోకి వస్తాయి.

కరెంటు పని

8. నీళ్లూ కరెంటూ కలిసే చోట "చూద్దాంలే" పనికిరాదు.

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఆయన్ని మీరు అడగవలసినవి నాలుగు. పంపు లైన్‌కు విడిగా ఎంసీబీ ఉందా? 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టారా? పంపు బాడీకి విడిగా, సరైన ఎర్త్ ఉందా? పూల్ స్టీలు నిచ్చెన, రెయిలింగ్ కూడా ఆ ఎర్త్‌తో కలిపారా? ఎంసీబీ వైరును కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చేదాకా పంపు వేయకండి.

9. లో వోల్టేజీకి ముందే జాగ్రత్తపడండి.

ఊరికి దూరంగా ఉన్న ఫామ్‌హౌస్‌లలో ఎండాకాలం వోల్టేజీ 230 నుంచి బాగా కిందికి జారుతుంది. వోల్టేజీ తగ్గిన కొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. మోటారు నేమ్‌ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉంటే ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా అంతకే పెట్టించండి. "మాటిమాటికీ పడిపోతోందని పెంచాను సార్" అని ఎవరైనా అంటే వెంటనే తగ్గించమనండి, పడిపోవడమే దాని పని. దాంతోపాటు డ్రై రన్ రక్షణ కూడా పెట్టించండి. నీళ్లు లేకుండా నడిస్తే పంపు సీల్ కొద్ది నిమిషాల్లోనే పాడవుతుంది. టైమర్ కొంటే బ్యాటరీ ఉన్నది కొనండి. బ్యాటరీ లేని టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, వారం తిరిగేసరికి పగలు నడవాల్సిన పంపును రాత్రి నడుపుతుంది.

మొదటిసారి స్విచ్ వేసే రోజు

10. తొందరపడకండి. ఈ వరుసలో చేయండి.

బాస్కెట్ మూత తీసి, బాస్కెట్ ఉండే కుండ నిండా నీళ్లు పోయండి. మూతకున్న ఓ-రింగ్ శుభ్రంగా తుడిచి, సిలికోన్ గ్రీజు పలచగా రాసి మూత బిగించండి. వాజిలిన్, కొబ్బరినూనె రాయకండి, వాటికి రబ్బరు ఉబ్బుతుంది. సక్షన్, డెలివరీ వాల్వులన్నీ తెరిచి ఉన్నాయో లేదో చేత్తో పట్టుకుని చూడండి. ఫిల్టర్ ఇసుక కొత్తది కాబట్టి ఫిల్టర్‌కు ఉండే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని ముందు బ్యాక్‌వాష్‌లో, అంటే నీళ్లు ఎదురు తిరిగి ఇసుకను కడిగే చోట, పెట్టండి. ఇప్పుడు స్విచ్ వేయండి.

మూత గాజులోంచి చూస్తూ నిలబడండి. రెండు మూడు నిమిషాల్లో నీళ్లు ఎగిసి కుండ నిండాలి. అయిదు నిమిషాలైనా నిండకపోతే ఆపేయండి. "ఇంకాసేపు చూద్దాం" అన్న ఆ కాసేపట్లోనే సీల్ పోతుంది. త్రీఫేజ్ మోటారు అయి, తిరుగుతున్నా ప్రెజర్ రాకపోతే తిరగేసి తిరుగుతోందేమో చూడమనండి. ఏవైనా రెండు ఫేజులు అటూఇటూ మారిస్తే సరిపోతుంది.

బ్యాక్‌వాష్ నీళ్లు తేటపడ్డాక పంపు ఆపి, పిడి రిన్స్‌కు తిప్పి, అరనిమిషం నడిపి, మళ్లీ ఆపి ఫిల్టర్‌కు తిప్పండి. పిడి తిప్పే ప్రతిసారీ పంపు ఆగి ఉండాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది, ఆ తర్వాత బ్యాక్‌వాష్ పైపులోంచి పూల్ నీళ్లు మీకు తెలియకుండానే పోతూ ఉంటాయి.

చివరగా ప్రెజర్ గేజ్ చూడండి. శుభ్రంగా ఉన్న ఫిల్టర్‌తో ముల్లు ఎక్కడ నిలిచిందో ఆ అంకె ఫిల్టర్ మీదే మార్కర్‌తో, తేదీతో సహా రాయండి. రేపటినుంచి మీరు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఆ అంకె ఆధారం.

వారంలో పావుగంట

11. బాస్కెట్, నీటి మట్టం, గేజ్.

పంపు బాగోగులకు పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు, వేపాకు రాలే రోజుల్లో రోజూ, బాస్కెట్లు ఖాళీ చేయాలి. పూల్ గోడలో పైనీళ్లను లాగే స్కిమ్మర్‌లో ఒకటి, పంపులో ఒకటి. పంపు ఆపి, వాల్వులు కట్టి, మూత తీయాలి. బాస్కెట్‌ను నేలకేసి కొట్టకండి, పైపు నీళ్లతో కడగండి. చిన్న పగులు పడినా మార్చండి. ఆ సందులోంచి దూరిన వేపకాయ గింజ ఇంపెల్లర్‌లో ఇరుక్కుంటుంది.

నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సగంలో ఉండాలి. ఎండాకాలం రోజూ కొన్ని మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి, పిల్లలు దూకి చిమ్మేది వేరు. వారం చూడకపోతే మట్టం స్కిమ్మర్ కిందికి దిగి, పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. "మోటర్ నడుస్తుంది గానీ నీళ్లు వస్తలేవు" అని ఫోన్ వస్తే ముందు అడగవలసింది ఇదే: "స్కిమ్మర్‌లో నీళ్లు ఎంతవరకు ఉన్నయ్?"

గేజ్ ముల్లు మీరు రాసిపెట్టుకున్న అంకె కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పైకి వెళ్తే బ్యాక్‌వాష్ చేయండి. రెండు మూడు నిమిషాలు చాలు. మన ఉదాహరణలోని పూల్‌కు మూడు నిమిషాలకు సుమారు 350 లీటర్లు పోతాయి కాబట్టి రోజూ చేయాల్సిన పని కాదిది. ముల్లు ఆ అంకె కంటే కిందికి పడిపోతే? అప్పుడు ఫిల్టర్‌ను అనుమానించకండి. సక్షన్ వైపు చూడండి. బాస్కెట్ నిండిందో, వాల్వ్ మూసుకుందో, గాలి వస్తోందో తేలుతుంది.

12. మందులు పంపు మీద పోయకండి.

క్లోరిన్ బిళ్లలు స్కిమ్మర్ బాస్కెట్‌లో వేసేస్తే పని సులువని చాలామందికి అలవాటు. పంపు ఆగి ఉన్న గంటల్లో ఆ బిళ్ల చుట్టూ ఘాటైన ఆమ్లం తయారవుతుంది. పొద్దున స్విచ్ వేయగానే అదంతా నేరుగా పంపులోకి వెళ్లి సీల్‌ను, లోహపు భాగాలను తింటుంది. బిళ్లలకు తేలే డబ్బా వాడండి. ఒక విషయం మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. ఈ బిళ్లలనూ, కాల్షియం హైపోక్లోరైట్ పొడినీ ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలవనివ్వకండి. మండుతుంది, పేలుతుంది కూడా.

బోరు నీళ్లతో పూల్ నింపేవాళ్లు పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకోండి. మన బోర్లలో చాలావరకు గట్టి నీళ్లే. పీహెచ్ పెరిగితే ఆ సున్నం తెల్లగా పేరుకుంటుంది, టైల్స్ మీదే కాదు, పంపు లోపల కూడా.

చెవి పెట్టి వినండి

13. ఏ చప్పుడుకు ఏం చేయాలి?

మీ పంపు మామూలుగా నడిచేటప్పుడు ఎలా వినిపిస్తుందో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. తేడా వచ్చిన రోజు పోల్చి చూడటానికి పనికొస్తుంది.

గులకరాళ్లు పోసి గిలకొట్టినట్టు ఉంటే పంపుకు నీళ్లు చాలడం లేదు. బాస్కెట్, స్కిమ్మర్, సక్షన్ వాల్వ్ వరుసగా చూడండి. మోటారు విప్పనక్కర్లేదు.

సన్నగా కీచుమంటుంటే బేరింగులు. నీళ్లు దిగి తుప్పు పట్టి ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడివి? పంపూ మోటారూ కలిసే చోట కింద వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే సీల్ కారుతోంది. బేరింగులు ఒక్కటే మార్పిస్తే డబ్బు దండగ, రెండూ కలిపి మార్పించండి. సీల్ కారడం మొదలైన రోజే చూసుకుని ఉంటే బేరింగుల ఖర్చు ఉండేది కాదు.

మోటారు ఊఁ అంటూ తిరగకపోతే వెంటనే కట్టేయండి. కెపాసిటర్ పోయి ఉండాలి, లేదా ఇంపెల్లర్‌లో ఏదో ఇరుక్కుని ఉండాలి. కెపాసిటర్‌ను మీరు ముట్టుకోకండి, కరెంటు తీసేశాక కూడా అది షాక్ కొడుతుంది.

పూల్‌లోకి వచ్చే నీళ్లతో బుడగలు వస్తుంటే సక్షన్‌లో గాలి దూరుతోంది. ఈ సందును మీరే పట్టుకోవచ్చు. పంపు నడుస్తుండగా షేవింగ్ ఫోమ్ తీసుకుని బాస్కెట్ మూత చుట్టూ, యూనియన్ల మీద, వాల్వ్ పిడుల మొదట్లో ఒక్కొక్కచోటే పూయండి. ఎక్కడ ఫోమ్ లోపలికి గుంటపడుతుందో, ఎక్కడ పూయగానే బుడగలు ఆగుతాయో అదే చోటు. ఎక్కువసార్లు అది మూత ఓ-రింగే అవుతుంది. ఓ-రింగ్ ఒకటి ఎప్పుడూ ఇంట్లో స్పేర్ పెట్టుకోండి. మెకానిక్ వచ్చి "మోటర్ వీక్ అయింది" అనకముందే ఈ పరీక్ష మీరు చేసి ఉంటే, ఆయనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

నెలల తరబడి ఊళ్లో లేకపోతే

14. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నారా?

పూల్ ఖాళీ చేసి వెళ్లకండి. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకి వస్తే ఖాళీ పూల్‌ను కింది నుంచి తోస్తాయి, టైల్స్ లేస్తాయి, పగుళ్లు వస్తాయి. పంపునూ పూర్తిగా ఆపకండి. తిరగని మోటారుకు తుప్పు, ఆరిపోయిన సీల్‌కు పగులు. నీళ్ల మీద మందమైన కవర్ వేసి, టైమర్‌తో రోజుకు రెండు మూడు గంటలు నడపండి.

ఎవరికి అప్పగిస్తున్నారో వాళ్లకు నోటితో చెప్పి ఊరుకోకండి. వాల్వులకు రంగు టేపులు చుట్టండి. ఎప్పుడూ తెరిచి ఉండేవాటికి పచ్చ, ముట్టుకోకూడని వాటికి ఎరుపు. మల్టీపోర్ట్ పిడి ఫిల్టర్‌లో ఉన్నప్పుడు ఫొటో తీసి, ప్రింటు వేయించి షెడ్డు గోడకు అంటించండి. గేజ్ ఎంత దాటితే ఫోన్ చేయాలో దాని కిందే రాయండి. ప్రతి ఆదివారం బాస్కెట్, స్కిమ్మర్ నీటి మట్టం, గేజ్ మూడింటి ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమనండి. డాలస్‌లో కూర్చుని కూడా మీ పంపు ఎలా ఉందో ఆ మూడు ఫొటోలతో తెలిసిపోతుంది.

తాళంచెవి చేతికిచ్చే ముందు ఆయన చేత మీ ఎదురుగా ఒకసారి పంపు ఆపించి, బాస్కెట్ తీయించి, కడిగించి, మూత బిగించి మళ్లీ స్విచ్ వేయించండి. ఎక్కడైనా తడబడితే ఇంకోసారి చేయించండి.